బిడ్డకు ఒంట్లో బాగోలేనప్పుడు

శ్రోతలందరికీ నమస్కారం.

చంటిబిడ్డ ఒళ్లు కాలుతోందంటే చాలు, ఇంట్లో అందరి చూపూ థర్మామీటర్ మీదే ఉంటుంది. నూటొకటి, నూటరెండు అని అంకె పెరిగే కొద్దీ టెన్షన్ పెరుగుతుంది. నేను పిల్లల వార్డులో చాలా ఏళ్లు నర్సుగా పనిచేశాను. ఆ అనుభవంతో మొదట చెప్పదలచుకున్నది ఇది: జ్వరం ఎంత ఉందన్నదానికంటే బిడ్డ ఎలా ఉందన్నది ముఖ్యం. 102 డిగ్రీల జ్వరం ఉన్నా, మందు పడ్డాక కాసేపు ఆడుకుని, నాలుగు ముద్దలు తిని, ఎప్పటిలాగే మూత్రం పోస్తున్న పిల్లాడి విషయంలో అంత కంగారు పడనక్కర్లేదు. జ్వరం 100 డిగ్రీలే ఉన్నా, పిలిచినా కళ్లు తెరవకుండా మగతగా పడి ఉండి, పాలు పట్టినా తాగని బిడ్డను మాత్రం తెల్లారేదాకా ఆగకుండా తీసుకెళ్లాలి.

మూడు నెలలు నిండని పసికందులకు ఈ మాట వర్తించదు. వాళ్లకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరిందంటే, చూడ్డానికి బాగానే ఉన్నా సరే, ఆ పూటే డాక్టర్‌కు చూపించాలి. అంత చిన్నపిల్లల్లో ఇన్‌ఫెక్షన్ పైకి తెలియదు. కొందరికి ఒళ్లు వేడెక్కే బదులు చల్లబడుతుంది కూడా.

జ్వరం కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఊపిరి. దగ్గు, జలుబుతో ఉన్న బిడ్డ నిద్రపోతున్నప్పుడు, లేదంటే ఏడవకుండా ఒళ్లో పడుకున్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట, ఛాతీ చూడండి. గడియారం పక్కన పెట్టుకుని ఒక నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, ఈ లెక్కకు చేరినా దాటినా అది వేగంగా ఊపిరి తీసుకోవడమే. న్యుమోనియాను గుర్తుపట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కొలతలివి. మన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు కూడా వీటినే వాడతారు. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతుంటే, అదే మన ఇళ్లలో డొక్కలు ఎగరేస్తోంది అంటారు చూడండి, అలా ఉంటే ఇక లెక్కపెడుతూ కూర్చోవద్దు, బయల్దేరండి. పెదవులు నీలంగా మారినా, ఊపిరితో పాటు మూలుగు వినిపించినా అంతే.

మీ చేతిలో ఫోన్ ఉంటుంది కదా, ఆ ఊపిరిని ఒక అర నిమిషం వీడియో తీయండి. ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ ఏడుస్తూ ఉంటుంది, ఇంట్లో మీరు చూసింది అక్కడ కనపడకపోవచ్చు. ఫిట్స్ వచ్చినప్పుడూ ఇంతే. ఒకరు బిడ్డను చూసుకుంటుంటే ఇంకొకరు తీసిన చిన్న వీడియో డాక్టర్‌కు ఎంతో ఉపయోగపడుతుంది.

ఇప్పుడు జ్వరం మందు గురించి కాస్త వివరంగా చెప్పాలి, పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే. పారాసిటమాల్ మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి వేస్తారు. కిలోకు 15 మిల్లీగ్రాముల దాకా. అంటే 10 కిలోల బిడ్డకు ఒకసారికి 150 మిల్లీగ్రాములు. మన మందుల షాపుల్లో ఇది మూడు రకాలుగా దొరుకుతుంది. ఒక సిరప్‌లో 5 ఎంఎల్‌కు 125 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఇంకో దాంట్లో అదే 5 ఎంఎల్‌కు 250 ఉంటుంది. పసిపిల్లల చుక్కల మందులో ఒక్క ఎంఎల్‌లోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. పది కిలోల బిడ్డకు మొదటి సిరప్ 6 ఎంఎల్ పట్టాలి, రెండోది 3 ఎంఎల్, చుక్కల మందైతే ఒకటిన్నర ఎంఎల్. "కిందటిసారి ఆరు పట్టాం కదా" అని చుక్కల మందు ఆరు ఎంఎల్ పట్టేస్తే నాలుగింతల మందు లోపలికి పోయినట్టే. కాబట్టి సీసా మీద ఉన్న ఆ అంకెను ప్రతిసారీ చదవండి. వంటింటి స్పూన్లు తలా ఒక సైజు, వాటితో కొలవొద్దు, సిరంజితోనో సీసాతో వచ్చిన మూతతోనో కొలవండి. ఒకసారి ఇచ్చాక నాలుగు గంటల లోపు మళ్లీ ఇవ్వకూడదు, రోజుకు నాలుగు సార్లు మించకూడదు. జలుబు సిరప్‌లు కొన్నింటిలో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది. రెండూ కలిపి పడితే తెలియకుండానే డబుల్ డోసు అవుతుంది. మూడు నెలలలోపు పిల్లలకు మాత్రం డాక్టర్ చెప్పకుండా ఈ మందు ఇవ్వొద్దు.

నిమెసులైడ్ అనే మందును పన్నెండేళ్లలోపు పిల్లలకు వాడకూడదని 2011లోనే మన దేశంలో నిషేధించారు. ఇంట్లో పాత సీసా ఏదైనా ఉంటే పారేయండి. డెంగీ తిరుగుతున్న రోజుల్లో ఐబుప్రొఫెన్ గానీ మెఫెనమిక్ యాసిడ్ గానీ ఉన్న సిరప్‌లు సొంతంగా కొని పట్టొద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. డెంగీలో ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. జ్వరం దిగిందని మనం హమ్మయ్య అనుకునే రోజే అసలు గండం మొదలవ్వచ్చు. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులూ కాళ్లూ చల్లబడటం, మగత ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కొందరు పిల్లలకు జ్వరంతో పాటు ఫిట్స్ వస్తాయి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల మధ్య వయసులో ఇది అరుదేమీ కాదు. చూసేవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది గానీ, చాలావరకు ఐదు నిమిషాల లోపే దానంతట అదే ఆగిపోతుంది. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో స్పూన్ పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. చేతిలో తాళాల గుత్తి పెట్టడం వల్ల, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఏమీ ఆగదు. టైము చూసుకోండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవండి. ముందే ఆగిపోయినా, మొదటిసారి అయితే అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

వాంతులు, విరేచనాలు మొదలైతే మనవాళ్లు ఆసుపత్రికి వచ్చీ రాగానే అడిగేది "సెలైన్ పెట్టండమ్మా" అని. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో, సరిహద్దులోని బంగావ్ శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించింది, సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ నీళ్లలో కలిపించి రోగులకు తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి. ఆయన చనిపోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఇవాళ అంగన్‌వాడీలో ఉచితంగా ఇచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనక ఉన్న కథ ఇది. తాగగలిగే బిడ్డకు సూది కంటే ఇదే మేలు.

పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. కొంచెం పొడి, కొంచెం నీళ్లు అని అందాజుగా కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. కలిపింది ఒక రోజు దాటితే పారబోయాలి. స్పూన్‌తో కొద్ది కొద్దిగా పట్టండి. కక్కేస్తే పది నిమిషాలు ఆగి మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు, అన్నం తినే పిల్లలకు అన్నం ఆపొద్దు. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున, అంతకంటే చిన్నవాళ్లకు 10 చొప్పున జింక్ మాత్ర 14 రోజులు ఇస్తారు. విరేచనాలు ఆగిపోయినా ఆ కోర్సు పూర్తి చేయండి. మాడు లోపలికి పోయినా, ఏడుస్తుంటే కన్నీళ్లు రాకపోయినా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో ఉంచకండి.

కొనేటప్పుడు కూడా చూసుకోవాలి. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని అమ్ముడైన తియ్యటి డబ్బా పానీయాలు కొన్నింటిలో చక్కెర చాలా ఎక్కువ, అవి తాగితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ ఫార్ములా ప్రకారం లేని పానీయాల పేరులో ఓఆర్ఎస్ అన్న మాటే ఉండకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఒక డాక్టర్ పట్టు వదలకపోతే ఎంత జరుగుతుందో చూడండి! మీరు మాత్రం లేబుల్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్న ప్యాకెట్టే అడిగి తీసుకోండి.

ఆ 2025లోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి, కిడ్నీలు పాడైపోయి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సహించలేదు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు సిరప్ వద్దే వద్దని, ఐదేళ్లలోపు వాళ్లకు కూడా మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడు మళ్లీ గట్టిగా చెప్పింది. జలుబు దగ్గు చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. ముక్కు బిగిస్తే ఉప్పునీటి చుక్కలు వేయండి. ఏడాది దాటిన పిల్లలకు అర స్పూన్ తేనె ఇవ్వచ్చు. ఏడాదిలోపు బిడ్డకు మాత్రం తేనె నాకించొద్దు.

నానమ్మలకూ అమ్మమ్మలకూ ఒక మాట. "బిడ్డ మొహంలో కళ లేదు" అని అందరికంటే ముందు పట్టేసేది మీరే. వార్డులో ఆ మాట నిజమవడం చాలాసార్లు చూశాను. దిష్టి తీస్తే తీయండి, అభ్యంతరం లేదు. ముక్కులో నూనె పోయడం, పసరు పోయడం, చురకలు పెట్టడం మాత్రం వద్దమ్మా. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది.

ఇక డాక్టర్ సంగతి. మనవాళ్లు "ఆయన హస్తవాసి మంచిది" అని చెప్పుకుంటారు. వైరల్ జ్వరం మామూలుగా మూడు నుంచి ఐదు రోజులు ఉంటుంది. మొదటి రోజు ఒక డాక్టర్, రెండో రోజు ఇంకొకరు, నాలుగో రోజు మరొకరు. అప్పటికి జ్వరం వెళ్లిపోయే వేళ అవుతుంది, పేరు మాత్రం చివరాయనకు దక్కుతుంది. ఈలోగా బిడ్డ కడుపులోకి మూడు రకాల యాంటీబయాటిక్స్ పోతాయి. "ఇది వైరల్ జ్వరం, యాంటీబయాటిక్ అక్కర్లేదు, ఇవి కనిపిస్తే మళ్లీ తీసుకురండి" అని చెప్పి పంపిన మొదటి డాక్టరే బహుశా వాళ్లందరిలో మంచి డాక్టర్. ఇంజెక్షన్ వేయలేదని అలాంటి వాళ్లను వదులుకోకండి.

నేను చూసిన మంచి పిల్లల డాక్టర్లందరూ వెళ్లిన ప్రతిసారీ బిడ్డను తూకం వేయించేవారు. చొక్కా తీయించి, ఊపిరి చూసి, చెవి, గొంతు చూసేవారు. ఎన్నిసార్లు పాలు తాగింది, ఎప్పుడు మూత్రం పోసింది అని తల్లిని అడిగి, ఆమె జవాబు పూర్తయ్యేదాకా ఆగేవారు. నాకు అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు ఇదే. రోజంతా బిడ్డను చూసింది తల్లి, డాక్టర్ చూసేది ఐదు నిమిషాలు. ఆమె చెప్పేది వినకపోతే సగం సమాచారం పోయినట్టే. చీటీలో మందు ఎన్ని ఎంఎల్, ఎన్ని రోజులు అన్నది చదవగలిగేలా ఉండాలి. "ఈ మందు ఎందుకండీ?" అని అడిగితే విసుక్కోకూడదు. వేరే డాక్టర్ అభిప్రాయం తీసుకుంటామంటే కోపం తెచ్చుకోకూడదు.

చదువు కూడా చూడండి. బోర్డు మీద ఎండీ పీడియాట్రిక్స్, డీఎన్‌బీ పీడియాట్రిక్స్, డీసీహెచ్ లాంటివి ఉండాలి, చీటీ మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. పల్లెల్లో అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది ఆర్ఎంపీయే, ఆ సాయం నేను కాదనను. కానీ చంటిబిడ్డకు ఆయన చేత సూది వేయించొద్దు. త్వరగా ఆసుపత్రికి చేర్చడానికి ఆయన సాయం తీసుకోండి.

ఈ వెతుకులాట బిడ్డ ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయాలి. టీకాలకు వెళ్లే రోజు మంచి అదను. డాక్టర్ ఎలా మాట్లాడుతున్నారో, గ్రోత్ చార్ట్‌లో బరువు గుర్తు పెడుతున్నారో లేదో తెలుస్తుంది. "రాత్రిపూట, ఆదివారం ఏదైనా అయితే ఎక్కడికి వెళ్లాలండీ?" అని అప్పుడే అడగండి. ఎంత పేరున్న డాక్టరైనా రెండు గంటల దూరంలో ఉంటే ఆయాసంతో ఉన్న బిడ్డకు ఉపయోగపడరు. దగ్గర్లో ఒక డాక్టర్‌ను చూసుకుని, ఆయన దగ్గరే లేదా ఆమె దగ్గరే కొనసాగితే బిడ్డ బరువు, పాత జబ్బులు, ఏ మందు పడదు అన్నవన్నీ ఒకచోట ఉంటాయి.

డబ్బు లేదని ఆగొద్దు. హైదరాబాద్‌లో 1953 నుంచి నిలోఫర్ ఆసుపత్రి ఉంది. విశాఖలో కేజీహెచ్, గుంటూరులో జీజీహెచ్, తిరుపతిలో రుయా, వరంగల్‌లో ఎంజీఎం, వీటన్నింటిలో పిల్లల విభాగాలున్నాయి. పుట్టినప్పటి నుంచి 28 రోజుల దాకా పసికందుల కోసం జిల్లా ఆసుపత్రుల్లో ప్రత్యేక నవజాత శిశు కేంద్రాలున్నాయి. రద్దీ ఉంటుంది, నిజమే. కానీ బాగా జబ్బుపడిన పిల్లలను రోజూ చూసే చేతులు అక్కడున్నాయి. 2005 నుంచి నడుస్తున్న 108 ఉండనే ఉంది, ఫోన్ చేయగానే ముందు బిడ్డ వయసు, కనిపిస్తున్న లక్షణం, ఊరి పేరు చెప్పండి.

బయల్దేరేటప్పుడు టీకా కార్డు, పాత చీటీలు, వాడుతున్న మందుల సీసాలు ఒక సంచిలో వేసుకోండి. దారిలో బిడ్డ మెలకువగా ఉండి, ఊపిరి బాగుంటే పాలివ్వండి. ఆసుపత్రికి చేరాక ఓపీ చీటీ లైన్‌లో నిలబడొద్దు. ఎదురైన మొదటి నర్సుతోనే "బిడ్డ ఊపిరి తీసుకోలేకపోతోంది", "ఫిట్స్ ఆగట్లేదు", "లేపినా లేవట్లేదు" అని గట్టిగా చెప్పండి. చీటీ ఇంట్లోవాళ్లు తర్వాత రాయించుకుంటారు, బిడ్డను మేము ముందు లోపలికి తీసుకుంటాం.

సెలవు. నమస్కారం.