ఎర్ర లైటు ఎందుకు ఆరదు? టీఆర్6 బ్రేకుల మీద ప్రెజర్ బ్లీడర్ కిట్ రివ్యూ

నమస్కారమండి. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ బల్ల మీద కనిపిస్తున్న, బ్రేకు పైపుల్లోంచి గాలి తీసే ప్రెజర్ బ్లీడర్ కిట్ నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని అడగలేదు. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడుతుంది, గొట్టం పొడవెంత, ధరెంత అనేవి మీరు ఈపాటికే చూసి ఉంటారు, అవి మళ్ళీ చదవను. నాకు తెలియాల్సింది ఒక్కటే. మా బాబాయి గారి టీఆర్6 డాష్‌బోర్డు మీద మూడు వారాలుగా వెలుగుతున్న ఎర్ర లైటు దీనితో ఆరుతుందా, ఆరదా?

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. ట్రయంఫ్ టీఆర్6 అంటే ఇంగ్లండులో కోవెంట్రీలో 1968 నుంచి 1976 దాకా తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఆరు సిలిండర్ల రెండున్నర లీటర్ల ఇంజను. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ గుర్తుంటుంది. అది ట్రయంఫ్ వాళ్ళ హెరాల్డే. ఆ లెక్కన ఈ టీఆర్6 మనకి దూరపు చుట్టమే.

బాబాయి గారు ఈ కారుని పాలకొల్లులో షెడ్డులో ఉంచుతారు. వానాకాలమంతా బయటికి తీయలేదు. కార్తీకంలో తీసి నరసాపురం రోడ్డు ఎక్కి, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర గట్టిగా తొక్కేసరికి పెడల్ కిందకి దిగింది, ఎర్ర లైటు వెలిగింది. ఇంటికొచ్చి చూస్తే ఎడమ వెనక డ్రమ్ము కింద తడి. వీల్ సిలిండర్, అంటే చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడితో బ్రేకుని నొక్కే భాగం, దాని లోపల తుప్పు పట్టి, రబ్బరు కప్పు కోసుకుపోయి, బ్రేక్ ఆయిల్ కారుతోంది. సిలిండర్ కొత్తది వేశాం. కారడం ఆగింది. లైటు మాత్రం ఆరలేదు.

"ఏరా, సిలిండర్ మార్చేశాం కదా, ఇంకా ఎందుకు వెలుగుతోంది?" అన్నారు బాబాయి గారు. మంచి ప్రశ్న అది. ఈ వీడియోలో సగం దానికే పోతుంది, ఓపిక పట్టండి.

ఈ కారులో బ్రేకులు రెండు సర్క్యూట్లు. ముందు చక్రాలకి ఒకటి, వెనక చక్రాలకి ఒకటి. ఒకటి పోయినా రెండోది ఆపుతుంది. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకి ఇలాంటి రెండు సర్క్యూట్లూ, ఒకటి పోతే చెప్పే లైటూ తప్పనిసరి చేశారు. ఆ లైటుని వెలిగించేది ఇంజను గదిలో ఉండే చిన్న ఇత్తడి ముక్క. దాని లోపల ఒక పిస్టన్ ఉంటుంది, షటిల్ అంటారు. దానికి ఒక పక్క ముందు బ్రేకుల ఒత్తిడి, ఇంకో పక్క వెనక బ్రేకుల ఒత్తిడి.

మన కాలవ లాకులు చూశారు కదా? తలుపుకి రెండు పక్కలా నీళ్ళు ఒకే మట్టంలో ఉన్నంతసేపూ ఆ తలుపు మీద భారం ఉండదు. ఒక పక్క నీళ్ళు దిగిపోతే రెండో పక్క నీళ్ళు తోసేస్తాయి. షటిల్ కూడా అంతే. వెనక సర్క్యూట్లో ఒత్తిడి పోయింది, ముందు ఒత్తిడి షటిల్‌ని వెనక వైపుకి నెట్టింది, అది పైనున్న స్విచ్‌ని నొక్కింది, లైటు వెలిగింది. ఇప్పుడు కారడం ఆగినా షటిల్ తనంతట తాను మధ్యకి రాదు. నెట్టిన చోటే కూర్చుంటుంది. సిలిండర్ మార్చినా లైటు ఎందుకు వెలుగుతోందంటే ఇందుకే.

నాకు కోపం వచ్చిన సంగతి ఇక్కడ చెప్పాలి. ఒక మెకానిక్ కారు చూసి, "బల్బు పీకేస్తే సరిపోతుంది కదండీ" అన్నాడు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్నగారి దగ్గర ఒక పాత కారుండేది. ఒకటే సర్క్యూట్, హెచ్చరించే లైటు లేదు. కాలవ గట్టు మీద పోతుంటే పెడల్ ఒక్కసారిగా నేలకి తగిలింది. ఎడమ పక్క కాలవ, కుడి పక్క చేను. నాన్నగారు గేర్లు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎవరిదో గడ్డివాము పక్కన ఆపారు. వెనక సీట్లో అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది. లైటు ఉన్న కారు దొరికిన మనం ఆ లైటుని పీకేసుకుంటామా?

సరే, పనిలోకి వద్దాం. మొదట స్విచ్ మీది కనెక్షన్ పీకి చూశాం. లైటు ఆరింది. అంటే వైరింగులో షార్ట్ లేదు. కనెక్షన్ పీకినా లైటు వెలుగుతూనే ఉంటే, తప్పు వైరులో ఉన్నట్టు. తరవాత స్విచ్ విప్పాం. ఆ రంధ్రంలో బ్రేక్ ఆయిల్ కనిపించకూడదు. కనిపిస్తే షటిల్ సీళ్ళు పోయినట్టే, అప్పుడు ఆ ఇత్తడి ముక్క మొత్తం విప్పి సీళ్ళు మార్చుకోవాలి. మాది పొడిగా ఉంది, బతికిపోయాం. స్విచ్ తిరిగి బిగించేటప్పుడు జాగ్రత్త. అది ప్లాస్టిక్కు, స్పానర్‌తో గట్టిగా తిప్పితే విరిగి చేతిలోకి వస్తుంది.

షటిల్‌ని మధ్యకి తేవడానికి ఒక పద్ధతి ఉంది. మాది వెనక వైపుకి జరిగింది కాబట్టి ముందు చక్రం నిపిల్, అంటే బ్రేకు దగ్గర ఆయిల్‌నీ గాలినీ బయటికి వదిలే చిన్న స్క్రూ, వదులు చేయాలి. ఒకరు పెడల్ మీద పాదం పెట్టి చాలా మెల్లగా నొక్కాలి. ముందు ఒత్తిడి లేదు, వెనక ఒత్తిడి ఉంది, షటిల్ మధ్య వైపుకి జరుగుతూ వస్తుంది. లైటు ఆరిన క్షణంలో ఆపి, నిపిల్ బిగించి, ఆ తరవాతే పాదం తీయాలి. తమ్ముడు మొదటిసారి కొంచెం ఎక్కువ నొక్కాడు. లైటు ఆరి మళ్ళీ వెలిగింది. అంటే షటిల్ మధ్య దాటి అటువైపుకి పోయింది. మళ్ళీ వెనక నిపిల్ తెరిచి ఇటు తెచ్చాం. మూడోసారికి కుదిరింది.

కానీ పెడల్ ఇంకా స్పాంజిలా ఉంది. పైపుల్లో గాలి మిగిలింది. ఎయిర్ తీయడానికి తమ్ముడు పెడల్ పంపు చేశాడు, నేను వెనక నిపిల్ తెరిచాను. టక్కున లైటు మళ్ళీ వెలిగింది. ఆలోచిస్తే అది సహజమే. పెడల్ తొక్కి ఉండగా ఒక నిపిల్ తెరిచామంటే, షటిల్ దృష్టిలో ఆ సర్క్యూట్ కారిపోతున్నట్టే. మళ్ళీ మధ్యకి తేవాలి, మళ్ళీ ఎయిర్ తీయాలి, మళ్ళీ వెలుగుతుంది. రెండు ఆదివారాలు ఇలాగే పోయాయి.

అంతకు ముందు నేను వాడింది చేత్తో లాగే వాక్యూమ్ పంపు. అది నిపిల్ దగ్గర నుంచి పీలుస్తుంది. నిపిల్ మర పక్కనుంచి కూడా గాలి లోపలికి వస్తుంది. గొట్టంలో బుడగలు వస్తూనే ఉంటాయి, అవి లోపలి గాలివో బయటి గాలివో తెలియదు. ఆ పంపుతో సాయంత్రాలకి సాయంత్రాలు పోగొట్టుకున్నాను.

ఈ ప్రెజర్ కిట్ పైనుంచి, రిజర్వాయర్ అనే బ్రేక్ ఆయిల్ డబ్బా దగ్గర నుంచి తోస్తుంది. పెడల్ ముట్టుకోనక్కర్లేదు. ట్యాంకులో కొత్త బ్రేక్ ఆయిల్ పోసి, చేత్తో గాలి కొట్టి, మీటరు చూసుకోవాలి. నేను 10 పీఎస్ఐ దాటించలేదు. కారు టైరులో ఉండే గాలిలో మూడో వంతు అనుకోండి. రిజర్వాయర్ పాత ప్లాస్టిక్కు, అంతకంటే ఎక్కువ పెట్టడానికి నాకు మనసొప్పలేదు. షటిల్‌ని పెడల్‌తో ఒకసారి మధ్యకి తెచ్చుకుని, కిట్ తగిలించి, నాలుగు చక్రాలకీ ఒక్కొక్కటిగా నిపిల్ తెరిచాను. ఆయిల్ సన్నటి ధారగా, ఒకే తీరుగా వచ్చింది. ముందు బుడగలు, తరవాత టీ డికాక్షన్ రంగు, ఆ తరవాత కొత్త ఆయిల్ రంగు. ఇంతసేపూ లైటు ఒక్కసారి కూడా వెలగలేదు! అంత తక్కువ ఒత్తిడికి షటిల్ కదల్లేదండి. బాబాయి గారు కుర్చీ డాష్‌బోర్డు పక్కనే వేసుకుని కూర్చుని, "ఆరే ఉందిరా, ఆరే ఉంది" అని ప్రతి చక్రానికీ చెప్తూనే ఉన్నారు.

ఇక చికాకు పెట్టిన విషయం. కిట్‌లో ఇచ్చిన మూతలన్నీ ఈ కాలం కార్లవి. ఒక్కటీ ఈ రిజర్వాయర్‌కి పట్టలేదు. అన్నిటికీ సరిపోతుందని ఇచ్చిన పలకని గొలుసులతో బిగించాల్సి వచ్చింది. మొదటిసారి అది పక్కకి ఒరిగి ఆయిల్ చిమ్మింది. బ్రేక్ ఆయిల్ పెయింటుని తినేస్తుంది. పక్కనే బక్కెట్టులో నీళ్ళు పెట్టుకున్నాను కాబట్టి వెంటనే కడిగేశాను. అయినా అర చెయ్యంత మేర మెరుపు పోయింది. యాభై ఏళ్ళ కారు పెయింటు అది, నాకు చాలా బాధేసింది. మీరు చేసేటప్పుడు ఆయిల్ పోయకముందు ఒట్టి గాలితో ఒకసారి పరీక్షించండి. ఎక్కడైనా బుస్సుమంటే అక్కడే తెలుస్తుంది. కంపెనీ వాళ్ళకి ఈ మాట ఫోన్‌లో కూడా చెప్పాను. పాత కార్ల మూతలు విడిగా అమ్మినా కొంటాం, కానీ ఉండాలి.

కిట్‌తో పాటు తేమ చూసే పెన్ను ఒకటి వచ్చింది. రిజర్వాయర్‌లో ముంచితే పచ్చ లైటు. వెనక చక్రం నుంచి తీసిన పాత ఆయిల్‌లో ముంచితే ఎర్ర లైటు. పైన మధ్యమధ్యలో కొత్త ఆయిల్ పోసుకుంటూ వచ్చారు కాబట్టి పైన బాగానే ఉంది, చెడిందంతా కిందే ఉంది. అందుకే పైన ముంచి సంతోషపడొద్దు. ఈ పెన్ను చూసేది ఆయిల్‌లో కరెంటు ఎంత పారుతోందన్నది మాత్రమే, మరిగే ఉష్ణోగ్రతని కాదు. దాన్ని సూచనగా తీసుకోండి.

మన డెల్టాలో తేమ చిన్న విషయం కాదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీళ్ళు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. ఆ నీళ్ళే సిలిండర్‌ని లోపల నుంచి తుప్పు పట్టిస్తాయి. కాలవ గట్టున, చెరువుల మధ్య, సముద్రం గాలి తగిలే చోట పెట్టుకున్న కారుకి ఏడాదికోసారి ఆయిల్ మార్చమంటాను నేను, తిరిగినా తిరగకపోయినా.

కిట్ నాకు నచ్చింది, గట్టిగా నచ్చింది. మూత విషయంలో చిన్నబుచ్చింది కానీ, రెండు ఆదివారాల పని ఒక పూటలో అయింది. షటిల్ ఉన్న ఏ పాత బ్రిటిష్ కారుకైనా ఇది కొనమని చెప్తాను. ఈ కిట్ బాబాయి గారి షెడ్డులోనే ఉంటుంది. నా గ్యారేజీకి ఇంకొకటి నా డబ్బుతో ఆర్డర్ పెట్టాను.

నిన్న సాయంత్రం పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి దిండి దాకా వెళ్ళొచ్చాం. వంతెన దిగే చోట ముందు కొబ్బరికాయల లారీ ఒక్కసారిగా ఆగింది. బాబాయి గారు తొక్కారు. పెడల్ సగంలోనే గట్టిగా నిలబడింది, కారు తిన్నగా ఆగింది. ఇద్దరం లారీని చూడలేదు, డాష్‌బోర్డు వైపే చూశాం. లైటు వెలగలేదు. ఈ రోజు పొద్దున్న లేవగానే నాలుగు చక్రాల కింద పరిచిన పాత న్యూస్‌పేపర్లు తీసి చూశాను. నాలుగూ పొడిగానే ఉన్నాయి.