వీడియో కాల్‌లో చెవి తమ్మె పట్టుకున్న తమ్ముడు

యాంకర్: విజయవాడ స్టూడియోకి తర్వాతి కాల్ గుంటూరు నుంచి. చెప్పండమ్మా, పేరు చెప్పక్కర్లేదు.

కాలర్: నమస్కారమండీ. మా తమ్ముడికి 22 ఏళ్లు. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. తెలిసినాయనే ఒకాయన చెన్నైలో ప్యాకింగ్ పని, నెలకి 15 వేలు, తిండీ గదీ ఫ్రీ అని తీసుకెళ్లాడు. మూడు నెలలైంది, రూపాయి రాలేదు. ఆధార్, ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉన్నాయి.

అడ్వకేట్: అబ్బాయితో మాట్లాడుతున్నారా?

కాలర్: ఆయన ఫోన్లోనే, రెండు నిమిషాలు. మామూలుగా వాడి చేతులు ఆగవండీ, సినిమా చూసొస్తే కథంతా చెప్పేస్తాడు. మొన్న బొటనవేలు ఎత్తాడు, పక్కకి చూశాడు, మళ్లీ బొటనవేలు, అంతే. పెట్టేసేముందు చెవి తమ్మె పట్టుకున్నాడు. మా ఇంట్లో అమ్మకి అదే సైగ, బుట్టకమ్మలు పెట్టుకుంటుంది కదా. నాకు నిద్ర లేదండీ. ఇవాళ ఆయనకి ఫోన్ చేసి కడిగేద్దామని...

అడ్వకేట్: వద్దమ్మా! ఆ ఒక్క పని చేయకండి. రాత్రికి రాత్రి చోటు మార్చేస్తాడు. నేరుగా స్టేషన్‌కి వెళ్లండి, లేదా 112కి చేయండి.

కాలర్: చెన్నై వెళ్లమంటారేమో?

అడ్వకేట్: అననివ్వకండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కేసు కట్టాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు.

కాలర్: అమ్మ ఒప్పుకునే పంపిందండీ. కాగితం మీద వేలిముద్ర కూడా వేసింది.

అడ్వకేట్: ఈ భయంతోనే చాలామంది స్టేషన్ మెట్లెక్కరు. ఆశ చూపో, మోసం చేసో తీసుకెళ్లి మనిషిని దోచుకుంటే అది అక్రమ రవాణా, భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్. బాధితుడు ఒప్పుకున్నా చెల్లదని చట్టంలోనే ఉంది, ఇక మీ అమ్మగారి వేలిముద్ర ఎంత! తేల్చాల్సింది పోలీసులే అనుకోండి, కానీ మీరు చెప్పిన గుర్తులు నాకు నచ్చలేదు.

కాలర్: కార్డు బ్లాక్ చేయించమంటారా?

అడ్వకేట్: తొందరపడకండి, అతనికి తెలిసిపోతుంది. ఏ ఏటీఎంలో డబ్బు తీశారో పోలీసుల్ని బ్యాంకు నుంచి తెప్పించమనండి, ఊరు బయటపడొచ్చు. లాయరు ఖర్చుకి దిగులొద్దు. వికలాంగులకి, అక్రమ రవాణా బాధితులకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం, 15100కి ఫోన్ చేయండి. అబ్బాయి దొరికాక వాంగ్మూలానికి సైగల భాష తెలిసినవాళ్లని అడగండి. మీరూ పక్కనుండాలి, బడి సైగలు వేరు, ఇంటి సైగలు వేరు.

కాలర్: చెవి సంగతి కూడా రాయించాలా అండీ? నవ్వుతారేమో.

అడ్వకేట్: మొదట అదే రాయించండి.