కొడుకుల్లేని సంస్థానం

అందరికీ నమస్కారం.

అన్నదమ్ముల పొలం పంపకాల్లో పెద్దమనిషిగా కూర్చున్నవాళ్లు ఈ సభలో కొందరైనా ఉండే ఉంటారు. బావి ఎవరి వాటాలోకి వస్తుంది, బండిదారి ఎవరు వదలాలి అని ఎంతకీ తెగని పంచాయితీ. మధ్యయుగపు జర్మన్ సంస్థానాల గురించి చదివినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

ఆ సంస్థానాలన్నీ ఉన్నది పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో. ఆ పేరు వినగానే ఒక చక్రవర్తి, ఒక రాజధాని అనుకుంటాం. మధ్యయుగంలో దానికి స్థిరమైన రాజధానే లేదు. పైన చక్రవర్తి ఉంటాడు. కింద ఎవరి సుంకాలు వాళ్లు వసూలు చేసుకుంటూ, ఎవరి న్యాయస్థానం వాళ్లు నడుపుకుంటూ వందల సంస్థానాలు. ఇన్ని ఎలా పుట్టాయంటే యుద్ధాలు కొంత కారణం. ఇంట్లో పంపకాలు అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం.

హార్ట్జ్ కొండల అంచున ఆన్‌హాల్ట్ అని ఒక సంస్థానం ఉండేది. దాని పాలకుడు మొదటి హైన్రిచ్ 1252లో చనిపోయాడు. చర్చి పదవుల్లోకి వెళ్లిన కొడుకులు పోగా, మిగిలిన ముగ్గురూ ఆషర్స్‌లేబెన్, బెర్న్‌బర్గ్, జెర్బ్స్ట్ అని మూడు వాటాలు వేసుకున్నారు. 1315లో ఆషర్స్‌లేబెన్ వంశం ఆగిపోయింది. ఆ వాటా దాయాదులకు రావాలి కదా? రాలేదు. పక్కనున్న హాల్బర్‌స్టాట్ బిషప్ దాన్ని చేజిక్కించుకున్నాడు. ఆ బిషప్ కూడా ఆన్‌హాల్ట్ ఇంటివాడే!

ఈ పంపకాల జబ్బు సంగతి పైవాళ్లకు తెలుసు. 1356లో నాలుగో చార్లెస్ చక్రవర్తి 'గోల్డెన్ బుల్' శాసనం చేశాడు. చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న ఏడుగురిలో రాచకుటుంబాల వారి మూల భూభాగాలను ముక్కలు చెయ్యకూడదు, పెద్దకొడుకుకే చెందాలి అన్నాడు. మిగతా రాజుల జోలికి పోలేదు.

అదే హార్ట్జ్ ప్రాంతంలో, ఆన్‌హాల్ట్‌కు పక్కనే, ఇంకో సంస్థానం ఉంది. దాని పేరు క్వెడ్లిన్‌బర్గ్. 936లో జర్మన్ రాజు హైన్రిచ్‌ను (ఆన్‌హాల్ట్ హైన్రిచ్ వేరు) అక్కడ సమాధి చేశాక, ఆయన భార్య మటిల్డా కోరిక మీద కొడుకు ఒట్టో స్థాపించిన స్త్రీల మఠం అది. పేరుకు మఠమే. అక్కడి స్త్రీలు కావాలంటే వెళ్లిపోయి పెళ్లి చేసుకోవచ్చు. మఠాధిపతికి మాత్రం ఆ వీలు లేదు. ఆమె సామ్రాజ్యంలో రాజులతో సమాన హోదా ఉన్న పాలకురాలు. పాలనలో ఆమె పైన ఉన్నది చక్రవర్తే.

ఆమె అధికారం ఎలాంటిదో ఒక నాణెం చెబుతుంది. 12వ శతాబ్దం చివర ఆగ్నెస్ అనే మఠాధిపతి వేయించిన వెండి నాణేలు ఇప్పటికీ ఉన్నాయి. రేకు ఎంత పల్చనంటే రెండువైపులా ముద్ర వెయ్యడం కుదరదు. ఒకవైపు కొడితే వెనకవైపు అదే బొమ్మ గుంటగా దిగుతుంది. మధ్యలో సింహాసనం మీద కూర్చున్న స్త్రీ. రాజు బొమ్మ ఉండాల్సిన చోట ఆమె. ఆ రోజుల్లో ఇలాంటి నాణేలను ఎప్పటికప్పుడు రద్దు చేసేవారు. మాగ్డెబర్గ్ నగరంలోనైతే 12 పాతవి ఇస్తే 9 కొత్తవి చేతిలో పెట్టేవారు. పన్ను అనకుండా పన్ను!

మఠాధిపతికి కొడుకులుండరు. ఆమె పోతే మఠంలోని స్త్రీలు ఇంకొకరిని ఎన్నుకుంటారు. కాబట్టి సంస్థానాన్ని వాటాలు వేసుకునే ప్రశ్నే రాదు. అయితే ఇబ్బంది పుట్టింటి నుంచి వచ్చేది. సాక్సనీ అనే జర్మన్ రాజ్యపు రాజకుమారి హెడ్విగ్ 12 ఏళ్లకే 1458లో మఠాధిపతి అయింది. 1477లో ఊరివాళ్లు ఆమె మాట వినకపోతే అన్నలు ఎర్న్‌స్ట్, ఆల్బ్రెక్ట్‌ల సైన్యాన్ని రప్పించి ఊరిని లొంగదీసింది. ఊరి స్వేచ్ఛకు గుర్తుగా బజారులో ఉన్న రోలాండ్ అనే వీరుడి విగ్రహాన్ని పడగొట్టించారు. సాయం ఊరికే రాదు. ఆ తర్వాత ఊరి మీద సాక్సనీ 'రక్షణ' వచ్చి కూర్చుంది.

చెల్లెలి సంస్థానాన్ని నిలబెట్టిన ఆ అన్నలిద్దరూ 1485లో తమ సొంత రాజ్యాన్ని పంచుకున్నారు. పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు కోరుకోవాలి, అదీ పద్ధతి. ఇది వింటే మన పెద్దమనుషులు 'మేమూ అలాగే చేయిస్తాం' అంటారు. సాక్సనీ మళ్లీ ఒకటి కాలేదు.

క్వెడ్లిన్‌బర్గ్ మాత్రం 1803 దాకా మఠాధిపతుల పేరునే సాగింది. ఆ ఏడాది చర్చి సంస్థానాలను రద్దు చేస్తే ప్రష్యా రాజ్యం తీసుకుంది. చివరి మఠాధిపతి స్వీడన్ రాజకుమారి సోఫియా ఆల్బర్టీనా.

మరి ఆన్‌హాల్ట్? పంచుకుంటూ, కలుపుకుంటూ, 1603లో మళ్లీ పంచుకుంటూ వచ్చింది. 1863లో అంతా ఒకే డచీ, అంటే ఒకే డ్యూక్ ఏలే సంస్థానం, అయింది. ఎవరో జయించి కలపలేదు. ఒక్కో ఇంట్లో వారసులు లేకుండా పోగా పోగా, చివరికి డెసా అనే శాఖ ఒక్కటే మిగిలింది.