ఆ 37 రోజులు

శ్రోతలకు నమస్కారం.

మేం చదువుకునే రోజుల్లో సోషల్ పరీక్షలో ఒక ప్రశ్న దాదాపు ఖాయం, మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు రాయండి అని. తీవ్ర జాతీయవాదం, సామ్రాజ్యవాదం, ఆయుధాల పోటీ, రహస్య ఒప్పందాలు, తక్షణ కారణం ఆస్ట్రియా యువరాజు హత్య... ఇలా ఐదు పాయింట్లు రాసి, ఒక్కోదాని కింద గీత కొడితే ఫుల్ మార్కులు. మాస్టారు బోర్డు మీద దేశాల పేర్లు రాసి బాణాలు గీసేవారు. ఇంజను కదిలితే వెనక పెట్టెలు కదలకుండా ఉంటాయా, అలాగే సెర్బియా కోసం రష్యా, రష్యా కోసం ఫ్రాన్సు, అటు ఆస్ట్రియా కోసం జర్మనీ, అంతా ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు అనేవారు. నాకూ చాలా ఏళ్లు ఆ రైలు బొమ్మే మనసులో ఉండిపోయింది.

కానీ ఆ బొమ్మకి అడ్డంపడే దేశం ఒకటుంది, ఇటలీ. అది 1882 నుంచి జర్మనీ, ఆస్ట్రియాలతో ఒకే కూటమిలో ఉంది, సంతకాలున్నాయి, అన్నీ ఉన్నాయి. తీరా 1914 ఆగస్టు వచ్చేసరికి, మనది ఎవరైనా మీ మీద పడితే ఆదుకునే ఒప్పందం, గొడవ మీరే మొదలుపెట్టారు కాబట్టి మాకు సంబంధం లేదు అని పక్కకి తప్పుకుంది, పైగా మరుసటి ఏడాది అవతలి పక్షాన దిగింది. రుమేనియాదీ ఇంచుమించు అదే కథ. ఇక బ్రిటన్ సంగతి చూస్తే, ఫ్రాన్సు కోసం యుద్ధానికి వచ్చి తీరాలన్న ఒప్పందం ఏదీ దానికి లేదు, అయినా వచ్చింది. అంటే సంతకం పెట్టినవాడు ఇంట్లో కూర్చున్నాడు, పెట్టనివాడు కత్తి తీశాడు. మరి ఒప్పందాలే లాక్కెళ్లాయని ఎలా అంటాం? కొందరు మనుషులు, కొన్ని గదుల్లో కూర్చుని, ఫలానా రోజున ఫలానా పని చేద్దాం అనుకున్నారు. ఆ గదుల్లోకి ఓసారి తొంగి చూద్దాం.

1914 జూన్ 28, బోస్నియా రాజధాని సారాయెవో. ఉదయం యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కారు మీద ఒకడు బాంబు విసిరాడు, అది ఆయన్ని తప్పించుకుని వెనక కారు దగ్గర పేలింది. తర్వాత, గాయపడినవాళ్లని ఆసుపత్రిలో చూసి వద్దామని బయలుదేరితే, దారి మారిందన్న సంగతి డ్రైవరుకి ఎవరూ చెప్పలేదు, పాత రూటు ప్రకారం లాటిన్ వంతెన దగ్గర పక్క వీధిలోకి తిప్పాడు, పొరపాటు తెలిసి కారు ఆపాడు. ఆగిన చోటే గవ్రిలో ప్రిన్సిప్ నిలబడి ఉన్నాడు, బాంబు విసిరినవాడి ముఠావాడే, 19 ఏళ్లవాడు. రెండు గుండ్లు, యువరాజూ భార్య సోఫీ ఇద్దరూ పోయారు. ఇదంతా చాలామందికి తెలిసిన కథే.

తర్వాత ఏం జరిగిందన్నదే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం. దాదాపు నెల రోజులు పైకి ఏమీ జరగలేదు! హత్య జూన్ 28న, ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది జూలై 28న, బ్రిటన్ దిగింది ఆగస్టు 4న. మొత్తం 37 రోజులు. ఆవేశంలో చెయ్యి చేసుకోవడానికి ఇంత టైము పట్టదు కదా.

ఆస్ట్రియా కోపంలో న్యాయం లేదని నేననను. హంతకులకి తుపాకులు సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ నుంచే వచ్చాయి, ఇప్పించింది సెర్బియా సైనిక గూఢచారి విభాగాన్ని నడిపే దిమిత్రియెవిచ్ అనే అధికారి మనుషులు. పాత కక్షలూ ఉన్నాయి, 1908లో ఆస్ట్రియా బోస్నియాని తనలో కలిపేసుకుంది, 1912, 13 బాల్కన్ యుద్ధాల్లో గెలిచిన సెర్బియా దాదాపు రెండింతలైంది. ఆస్ట్రియా సేనాధిపతి కాన్రాడ్ అయితే సెర్బియాని కొట్టేద్దామని ఏళ్ల తరబడి పోరుతున్నాడు. అలా పోరినప్పుడల్లా వద్దని అడ్డుపడినవాళ్లలో ముఖ్యుడు ఎవరనుకుంటున్నారు? ఈ చనిపోయిన యువరాజే.

కొట్టాలంటే వెనక జర్మనీ ఉండాలి, ఎందుకంటే సెర్బియా జోలికెళ్తే రష్యా ఊరుకోదేమోనని భయం. జూలై 5న ఆస్ట్రియా రాయబారి తమ చక్రవర్తి ఉత్తరం పట్టుకుని పోట్స్‌డామ్ రాజభవనానికి వెళ్లాడు. కైజర్, అంటే జర్మనీ చక్రవర్తి, విల్‌హెల్మ్ చదివి, ఇది యూరప్ అంతటికీ తగులుకునే వ్యవహారం, మా ఛాన్సలర్‌తో, అంటే ప్రధానితో, మాట్లాడకుండా ఏమీ చెప్పలేను అన్నాడు. ఇది భోజనానికి ముందు మాట. భోజనాలయ్యాక రాయబారి మళ్లీ కదిపితే, మీరేం చేసినా మా మద్దతు పూర్తిగా ఉంటుంది, చేసేదేదో ఆలస్యం చెయ్యకండి అన్నాడు. మర్నాడు ఛాన్సలర్ బెత్‌మాన్ హోల్‌వెగ్ కూడా అదే మాట ఖాయం చేశాడు, కైజర్ ఓడెక్కి నార్వే విహారానికి వెళ్లిపోయాడు. చరిత్రలో దీన్ని బ్లాంక్ చెక్ అంటారు. మన వీధుల్లోనూ ఉంటారుగా ఇలాంటి అన్నలు, నువ్వు ముందు వెళ్లి కొట్టు, వెనక నేనున్నా అని.

చెక్కు చేతికొచ్చింది కానీ ఆస్ట్రియా దాన్ని వెంటనే మార్చుకోలేదు. ఆ సామ్రాజ్యంలోనే భాగమైన హంగరీ ప్రధాని తీసా వద్దంటాడు, ఆయన్ని ఒప్పించేసరికి జూలై మధ్య అయింది. సైనికుల్లో చాలామంది కోతల సెలవుల మీద ఊళ్లకి వెళ్లి ఉన్నారు, కోతలు కాకముందే వెనక్కి పిలిస్తే పంట పోతుంది, పిలిచినట్టు అందరికీ తెలిసిపోతుంది. దీనికి తోడు జూలై 20 నుంచి 23 దాకా ఫ్రాన్సు అధ్యక్షుడు పొయంకరే, ప్రధాని వివియాని రష్యా రాజధానిలో అతిథులుగా ఉన్నారు. వాళ్లు అక్కడుండగా కబురు పెడితే ఫ్రాన్సు, రష్యా పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటాయి, అందుకని వాళ్ల ఓడ బయలుదేరే వేళ చూసి మరీ ముహూర్తం పెట్టారు.

జూలై 23 సాయంత్రం ఆరింటికి ఆస్ట్రియా రాయబారి గీజ్ల్ బెల్‌గ్రేడ్‌లో విదేశాంగ శాఖకి వెళ్లాడు. ప్రధాని పాషిచ్ ఎన్నికల ప్రచారంలో ఊరు దాటి ఉన్నాడు, ఆయన బదులు ఉన్నది ఆర్థికమంత్రి పాచు. మంత్రులు సగంమంది ఊళ్లో లేరండీ, అన్నాడాయన. ఇది రైళ్లూ టెలిగ్రాఫులూ ఉన్న కాలం, మీదేమంత పెద్ద దేశం కాదు, కొన్ని గంటల్లో వచ్చేస్తారులెండి అని గీజ్ల్ జవాబు. పది డిమాండ్లు, 48 గంటల గడువు. అందులో ఆరోది, సెర్బియా గడ్డ మీద జరిగే విచారణలో ఆస్ట్రియా అధికారులు పాల్గొనాలి అని. ఒప్పుకోకూడదనే రాసిన ఉత్తరం అది.

ఆ గడువు చివరి రోజు చూడాలి. జవాబు రాస్తారు, కొట్టేస్తారు, మళ్లీ రాస్తారు, టైపు మిషను పాడై చివరికి చేత్తో రాయాల్సి వచ్చింది, కొట్టివేతలతోనే ఇచ్చేశారు. ఆరు కావడానికి కొద్ది నిమిషాల ముందు పాషిచ్ స్వయంగా ఆ కాగితాలు తీసుకెళ్లాడు. దాదాపు అన్నిటికీ ఏదో ఒక రకంగా సరేనన్నారు, ఆరోదానికి మాత్రం మా రాజ్యాంగం ఒప్పదు, కావాలంటే హేగ్ న్యాయస్థానానికి వెళ్దాం అన్నారు. గీజ్ల్ అలా కళ్లతో చూసి, సంబంధాలు తెంచుకుంటున్నామని ముందే రాసిపెట్టుకున్న ఉత్తరం పంపించి, ముందే సర్దిపెట్టుకున్న పెట్టెలతో ఆరున్నర రైలెక్కేశాడు. జవాబు అందుకున్నాక అరగంట!

అప్పుడు మిగతావాళ్లు ఏం చేస్తున్నారంటే, ఎవరి గోల వాళ్లది. లండన్‌లో మంత్రివర్గం ఐర్లండ్ తగాదాలో తలమునకలై ఉంది, ఏ జిల్లా ఎటుపోవాలన్న చర్చ అయ్యాకగానీ విదేశాంగ మంత్రి ఎడ్వర్డ్ గ్రే ఆ అల్టిమేటం చదివి వినిపించలేదు. పారిస్‌లో పత్రికలన్నీ ఒక మాజీ ప్రధాని భార్య కేసు మీదున్నాయి, ఆవిడ ఒక పత్రికా సంపాదకుణ్ణి కాల్చి చంపింది, జూలై 28న నిర్దోషి అని తీర్పొచ్చింది. సరిగ్గా యుద్ధం ప్రకటించిన రోజునే.

గ్రే ఒక ప్రయత్నం చేశాడు. బ్రిటన్, ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, నలుగురు పెద్దమనుషులం కూర్చుని పంచాయితీ చేద్దామన్నాడు. జర్మనీ కుదరదంది. నన్నడిగితే ఈ కథలో పెద్ద తప్పుల్లో ఇదొకటి, ఎందుకంటే ఆ ముందటేడు బాల్కన్ గొడవని రాయబారులు లండన్‌లో ఇలాగే కూర్చుని చల్లార్చారు, తెలియని పద్ధతేం కాదు. ఇంకా విచిత్రం, జూలై 28 ఉదయం కైజర్ తీరిగ్గా సెర్బియా జవాబు చదివి, ఇంత ఒప్పుకున్నాక యుద్ధానికి కారణమే లేదు అని అంచున రాశాడు. అదే రోజు ఆస్ట్రియా టెలిగ్రామ్ మీద యుద్ధం ప్రకటించేసింది. భోజనమయ్యాక ఇచ్చిన మాట, మూడు వారాల తర్వాత వెనక్కి తీసుకుందామంటే వస్తుందా!

ఇక్కణ్ణుంచి దౌత్యం వెనకబడింది, రైలు టైంటేబుళ్లు ముందుకొచ్చాయి. రష్యా పెద్ద దేశం, సైన్యాన్ని కూడగట్టడానికి వారాలు పడుతుంది. జర్మనీ ప్లానంతా ఆ ఆలస్యాన్ని నమ్ముకునే ఉంది, రష్యా తేరుకునేలోగా ఆరు వారాల్లో ఫ్రాన్సుని పడగొట్టి, అప్పుడు తూర్పుకి తిరగాలని. కాబట్టి రష్యా సైనికుల్ని పిలవడం మొదలుపెట్టిందంటే చాలు, బెర్లిన్‌లో గడియారం తిరగడం మొదలవుతుంది. జూలై 29 రాత్రి రష్యా రాజధాని సెంట్ పీటర్స్‌బర్గ్ టెలిగ్రాఫ్ ఆఫీసులో ఒక జనరల్ దేశమంతటికీ పంపాల్సిన ఆర్డరు పట్టుకుని నిలబడ్డాడు, పంపబోతుండగా ఆపమని ఫోనొచ్చింది. కైజర్ టెలిగ్రామ్ చూసి జార్, అంటే రష్యా చక్రవర్తి, నికోలస్ వెనక్కి తగ్గాడు. వాళ్లిద్దరూ బంధువులు, ఆ టెలిగ్రాముల్లో ఒకరికొకరు విల్లీ, నిక్కీ. మర్నాడు సేనాధిపతి యనుష్కేవిచ్ విదేశాంగ మంత్రి సజోనోవ్‌తో, మళ్లీ ఒప్పించండి, ఈసారి రాజుగారు సరేనంటే నా ఫోను పగలగొట్టేస్తాను, మళ్లీ రద్దు చెయ్యడానికి ఎవరికీ దొరకను అన్నాడు. సాయంత్రానికి సజోనోవ్ జార్ చేత సరేననిపించి, ఇక మీ ఫోను పగలగొట్టుకోవచ్చు అని కబురు చేశాడు.

ఆగస్టు 1న జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించింది. ఆ సాయంత్రమే లండన్ నుంచి రాయబారి టెలిగ్రామ్ ఒకటి వచ్చింది, ఫ్రాన్సు మీదికి వెళ్లకపోతే బ్రిటన్ తటస్థంగా ఉంటుందన్నట్టు. కైజర్ సంబరపడిపోయి, అయితే సైన్యం మొత్తాన్నీ తూర్పుకి పంపేద్దాం అన్నాడు. సేనాధిపతి మోల్ట్‌కె, అది కుదిరే పని కాదు ప్రభూ, ఏడాది పట్టి వేసుకున్న ఏర్పాటిది, లక్షలమందిని ఇప్పటికిప్పుడు వెనక్కి తిప్పితే మిగిలేది సైన్యం కాదు, గుంపు అన్నాడు. మీ పెద్దనాన్నయితే నాకు వేరే జవాబు చెప్పేవాడు, అని కైజర్ ఎత్తిపొడిచాడు. ఆ పెద్దనాన్న 1870లో ఫ్రాన్సుని ఓడించిన మొదటి మోల్ట్‌కె. రాత్రికి ఆ టెలిగ్రామ్ పొరపాటని తేలింది. ఇక నీ ఇష్టం, అన్నాడు కైజర్.

ఫ్రాన్సు మీదికి వెళ్లే దారి బెల్జియం గుండా ఉంది. దాని తటస్థతకి హామీ ఇస్తూ 1839లో పెద్ద దేశాలు సంతకాలు చేశాయి, అప్పటి జర్మన్ ప్రష్యా కూడా చేసింది. ఒక చిత్తుకాగితం కోసం మా మీదికొస్తారా అని ఛాన్సలర్ బ్రిటిష్ రాయబారితో వాపోయాడట. అంతవరకూ రెండుగా చీలి ఉన్న లండన్ మంత్రివర్గం ఆ బెల్జియం పేరుతో, ఇద్దరు తప్ప, ఒక్కటైంది. బెల్జియం లేకపోయినా జర్మనీ నౌకాబలం చూసి బ్రిటన్ వచ్చేదేమో, కానీ అంతమందిని ఒప్పించుకుని వచ్చేది కాదని నా అభిప్రాయం.

ఇంతకీ ఇదంతా ఎవరి కోసం మొదలైంది? ఆస్ట్రియా కోసం. ఆస్ట్రియా రష్యా మీద యుద్ధం ప్రకటించింది ఎప్పుడో తెలుసా, ఆగస్టు 6న. అప్పటికి జర్మనీ, రష్యాలు యుద్ధంలోకి దిగి ఐదు రోజులైంది, బెల్జియంలో లీజ్ కోట మీద ఫిరంగులు పేలుతున్నాయి. పెళ్లికొడుకు రాకముందే పెళ్లి భోజనాలు అయిపోయినట్టు. ఎవరిది తప్పంటే, ఎక్కువ భారం ఆస్ట్రియా రాజధాని వియన్నా, బెర్లిన్ మీదే వేస్తాను నేను, గొడవని చిన్నదిగా ఉంచగలమని జూదమాడింది వాళ్లే కాబట్టి. పీటర్స్‌బర్గ్ తొందరపడింది. లండన్ చెప్పాల్సిన మాట చాలా ఆలస్యంగా చెప్పింది. పారిస్ మిత్రుణ్ణి ఆపాలని పెద్దగా అనుకోలేదు. ఒక్కొక్కరూ అవతలివాడు ఎలాగూ తగ్గుతాడులే అని లెక్కేసుకున్నారు.

మనల్ని మాత్రం ఎవరూ అడగలేదు. లండన్ ప్రకటించగానే భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్టే అయిపోయింది, వైస్రాయి హార్డింజ్ మాటే మన మాట. పది లక్షల మందికి పైగా మనవాళ్లు సముద్రాలు దాటి వెళ్లారు, 70 వేలకు పైగా మంది తిరిగి రాలేదు. నిజాం సంస్థానం డబ్బిచ్చింది, గుర్రపుదళాన్ని పంపింది. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది, మిగతావి మైసూరు, జోధ్‌పూర్‌లవి.

యుద్ధం మన గుమ్మంలోకీ వచ్చింది. అప్పుడు కోస్తా జిల్లాలూ, సీమా ఉన్నది మద్రాసు ప్రెసిడెన్సీలో. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ నౌక మద్రాసు తీరానికొచ్చి గుళ్లు కురిపించింది. బర్మా ఆయిల్ కంపెనీ కిరసనాయిలు ట్యాంకులు అంటుకున్నాయి, తెల్లారేసరికి జనం మూటాముల్లే సర్దుకుని స్టేషన్ల మీద పడ్డారు, ఊళ్లకి పోదామని. ఓ గుండు హైకోర్టు ప్రహరీకి తగిలింది. ఇప్పటికీ చెన్నైలో ఆ గోడకి దాని గుర్తుగా ఒక ఫలకం ఉంది, అటు వెళ్తే చూడండి.

నమస్కారం.