తెలుగు బాగా వచ్చిందా? అయితే ఈ క్లూ మీకు రాదు!

నమస్తే అండీ! సూటిగా చెప్పేస్తున్నా. పదబంధాల్లో, అదేనండీ క్రాస్‌వర్డ్ గళ్లలో, బోల్తా పడేది తెలుగు రానివాళ్లు కాదు, తెలుగు దంచేసేవాళ్లే!

పోయిన వీడియోలో నేనిచ్చిన క్లూ "బుర్ర తిరిగిన తీగ", రెండు గడులు, అంటే రెండక్షరాలు. అబ్బో, ఎన్ని తిట్లు! "తీగకి బుర్రేంటి, ఇది క్లూనా మోసమా" అంట. ఒకాయన శబ్దరత్నాకరం నిఘంటువు తిరగేసి మరీ "మాధవి" తీగ అన్నారు. సార్, గడులు రెండే!

జవాబు "తల". బుర్ర అంటే తల. తీగ అంటే లత. లతని తిప్పండి, తల వస్తుంది. కీలకమంతా "తిరిగిన" దగ్గరుంది. మీరేమో దాన్ని బుర్రకి అతికించి చదివేశారు. అలా చదవాలనే కదా నేను రాసింది!

కష్టమైన పదం ఎప్పుడూ కష్టం కాదండీ, నిఘంటువులో దొరుకుతుంది. రోజూ వాడే మాటే ముంచుతుంది. "లో" చూడండి. "విమానంలో పరువు", ఇదీ రెండు గడులే. మీరు పైలట్ దాకా, ఎయిర్ హోస్టెస్ దాకా వెళ్లిపోతారు. జవాబు "మానం". విమానం లోపలే కూర్చుని ఉంది! "లో" ని ఉత్త విభక్తి అని దాటేశారా, అయిపోయారు.

ఇంగ్లీషువాళ్లకి ఇది పాత విద్యే. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్‌లో ఆర్థర్ విన్ వేసిన మొదటి పజిల్‌లో క్లూలు చాలావరకు తిన్నగానే ఉన్నాయి. మెలికలు పెట్టింది తర్వాత లండన్ పేపర్లు. అక్కడ "ఫ్లవర్" అని కనిపిస్తే ముదుర్లు పువ్వు అనుకోరు, నది పేరు వెతుకుతారు. ఫ్లో అయ్యేది ఫ్లవర్ అట!

కానీ తిప్పడంలో మాత్రం మనదే పైచేయి. "రామ"ని ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో వెనక్కి చదివితే "అమర్". మన గడిలో గుణింతంతో సహా అక్షరం మొత్తం పడుతుంది కాబట్టి "మరా". బోయవాడు మరా మరా అంటూ రామ రామ దగ్గరికొచ్చిన కథ విన్నారుగా? నా లెక్కలో మన దేశంలో మొదటి క్లూ అదే. ఆధారం అడగొద్దు, వాదనకి రండి!

సరే, ఈసారిది రాసుకోండి. "తోక తెగిన పట్టణం, మెడలో వేసుకోడానికి". రెండు గడులు. "హారం" అని పెట్టినవాళ్లని బ్లాక్ చేస్తా!