పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఇంధనం ఎందుకు తాగేస్తోంది? పార్టులు కొనకముందు చేయాల్సిన చెకింగులు

నమస్తే అండీ అందరికీ. పాత ఫోర్ వీల్ డ్రైవ్‌ని విప్పి, బాగుచేసి, రోడ్డెక్కించాక మొదటి షాక్ తగిలేది పెట్రోల్ బంకులోనే. ఇంజిన్ చక్కగా స్టార్టవుతుంది, పొగ లేదు, లాగుడు బాగుంది, కానీ ట్యాంకు చూస్తుండగానే ఖాళీ. వెంటనే ఆక్సిజన్ సెన్సరో (పొగలో ఆక్సిజన్ కొలిచేది) ఇంజెక్టర్లో (ఇంధనం చిమ్మేవి) ఆర్డర్ పెట్టేస్తారు. కాస్త ఆగండి. బాగుచేసిన బండిలో ముందు అనుమానించాల్సింది పాత పార్టుల్ని కాదు, మనం కొత్తగా బిగించినవాటిని.

అసలు ఎంత తాగుతోందో ముందు తేల్చుకుందాం. ట్యాంకు నింపేటప్పుడు నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగితే చాలు, ఇంకాస్త ఇంకాస్త అని నొక్కొద్దు. కనీసం 300 కిలోమీటర్లు నడిపి, అదే పంపు దగ్గర, అదే పద్ధతిలో మళ్లీ నింపండి. ఇక్కడే టైర్ల మాయ ఉంటుంది. 235/75 ఆర్15 టైరు ఎత్తు సుమారు 733 మిల్లీమీటర్లు. లుక్కు కోసం 31 అంగుళాలవి వేస్తే 787. చక్రం చుట్టుకి 7 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరుకి ఆ సంగతి తెలీదు. మీటర్లో 300 కనబడితే బండి నిజంగా నడిచింది 321. ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని ఒకసారి సరిచూసుకోండి.

యూనిట్ల గొడవ ఇంకొకటి. మనవాళ్లం తలా ఓ దేశంలో ఉంటాం కదా. వంద కిలోమీటర్లకు 12 లీటర్లు తాగే బండి లీటరుకు 8.3 కిలోమీటర్లు ఇచ్చినట్టు. అదే అమెరికా గ్యాలన్‌లో 19.6 మైళ్లు, బ్రిటన్ గ్యాలన్‌లో 23.5 మైళ్లు. ఎవరో చెప్పిన మైలేజ్‌తో పోల్చుకుని దిగులుపడేముందు అది ఏ గ్యాలనో అడగండి.

లెక్క సరిచేశాక కూడా ఎక్కువే తాగుతోందా? అప్పుడు కూడా బానెట్ తెరవొద్దు. బండిని చదునైన సిమెంటు నేల మీద న్యూట్రల్‌లో పెట్టి తోయండి. రెండు టన్నుల బండిని కదిలించడానికి మొదట కాస్త గట్టిగా నెట్టాలి. కదిలాక 20, 30 కిలోల తోపుతో పోతూ ఉండాలి. ఇద్దరు కలిసి తోసినా మొరాయిస్తే ఎక్కడో పట్టేస్తోందన్నమాట.

ఏ చక్రమో పట్టుకోవడానికి ఓ పది కిలోమీటర్లు నడిపి, బ్రేకు వీలైనంత తక్కువ వాడి, బండిని దానంతట అదే ఆగనివ్వండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు డిస్కులూ డ్రమ్ములూ చూడండి, చేత్తో ముట్టుకోవద్దు, కాలుతుంది. ఒకే యాక్సిల్ మీద కుడీ ఎడమా దాదాపు ఒకేలా ఉండాలి. ఒకవైపు 45 డిగ్రీలు, ఇంకోవైపు 90 ఉంటే దొంగ దొరికినట్టే. ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టి తిప్పండి. బిగుసుకుని ఉంటే బ్లీడర్ నిపుల్ (బ్రేకు ఫ్లూయిడ్ బయటకు వదిలే చిన్న స్క్రూ) కొద్దిగా వదులు చేయండి. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం ఫ్రీ అయ్యిందా? ప్రెషర్ లోపలే చిక్కుకుపోయింది. చాలాసార్లు అది లోపల ఉబ్బిపోయిన రబ్బరు గొట్టం పని. తొక్కినప్పుడు ఫ్లూయిడ్‌ని పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. నిపుల్ తెరిచినా ఫ్రీ కాకపోతే కాలిపర్ (డిస్కుని నొక్కిపట్టే భాగం) పిస్టనో స్లైడ్ పిన్నులో తుప్పుపట్టి బిగుసుకున్నాయి.

చల్లగా ఉన్నప్పుడు బండి హాయిగా దొర్లుతూ, వేడెక్కాక బ్రేకులన్నీ కలిసి పట్టేస్తుంటే కథ వేరు. కొత్త మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌కి ప్రెషర్ ఇచ్చేది) లేదా బూస్టర్ (పెడల్ తోపుకి బలం కలిపేది) వేసినప్పుడు, ఆ రెండిటి మధ్య ఉండే పుష్ రాడ్ పొడవు సరిచేయకపోతే ఇలాగే అవుతుంది. రాడ్ కాస్త పొడుగ్గా ఉంటే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఫ్లూయిడ్ ట్యాంకులోకి తిరిగిపోయే రంధ్రం మూసుకునే ఉంటుంది. వేడికి వ్యాకోచించిన ఫ్లూయిడ్‌కి వెళ్లే దారి లేక బ్రేకుల్నే నొక్కుతుంది. అలా పట్టేసినప్పుడు, బండి నిలబెట్టి, మాస్టర్ సిలిండర్ నట్లు ఒక చుట్టు వదులు చేస్తే బ్రేకులు వదిలేస్తాయి. వదిలాయంటే రాడ్ తగ్గించాలి. చెక్ చేశాక నట్లు మళ్లీ బిగించడం మాత్రం మర్చిపోవద్దు. వెనక డ్రమ్ములున్న బండికైతే మొదట షూలు (డ్రమ్ముని లోపలి నుంచి నొక్కే బ్రేకు ముక్కలు) సెట్ చేసి, తర్వాతే హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించాలి. ఈ వరస తిరగేస్తే షూలు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి.

ముందు చక్రాల హబ్బులు (చక్రాన్ని యాక్సిల్ షాఫ్టుతో కలిపే, విడదీసే లాక్) లాక్‌లో వదిలేశారేమో చూడండి. ఫ్రీగా ఉండాల్సిన యాక్సిల్ షాఫ్టులు, ముందు డిఫరెన్షియల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ ఊరికే తిరుగుతుంటాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో లాకప్ టార్క్ కన్వర్టర్ (స్థిర వేగంలో ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో జారకుండా కలిపేది) ఉంటే, ఖాళీ రోడ్డు మీద స్థిరమైన వేగంలో యాక్సిలరేటర్ కదపకుండా బ్రేక్ పెడల్‌ని లైటు వెలిగేంత మాత్రమే తాకండి. ఆర్‌పీఎం కొద్దిగా పెరిగి, వదిలాక దిగాలి. అసలు మారకపోతే లాకప్ పడట్లేదనుకోవచ్చు.

ఇప్పుడు బానెట్ లేపుదాం. నేను అన్నిటికంటే ముందు చూసేది థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపే వాల్వు. ఇంజిన్ వేడెక్కే గొడవ ఉండదని దాన్ని పీకి పారేసిన బండ్లు కొల్లలు. చల్లారిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కి దూరంగా, రేడియేటర్ పై గొట్టం పట్టుకోండి. కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడుతుంటే థర్మోస్టాట్ తెరుచుకునే ఉంది, లేదా అసలు లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు ఇంజిన్ కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. బయటకు తీస్తే దారం కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీసి వేడి చేయండి. దాని మీద ముద్రించిన 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి.

డ్యాష్‌బోర్డులో ముల్లు మామూలుగానే ఉంది కదా అంటారు. చాలా బండ్లలో ఆ మీటరు సెన్సర్ వేరు, కంప్యూటర్‌కి చెప్పే సెన్సర్ వేరు. రెండోదాన్ని మల్టీమీటర్‌తో కొలవండి. ఎక్కువగా కనిపించే రకానికి 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 200 నుంచి 400 ఓమ్‌లు రావాలి. వేడి ఇంజిన్‌లోనూ కిలో ఓమ్‌లు చూపిస్తే, కంప్యూటర్ దృష్టిలో ఇంజిన్ ఇంకా వేడెక్కనే లేదు.

ఇంజెక్షన్ పెట్రోల్ బండిలో ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ (పెట్రోల్ ప్రెషర్‌ని అదుపులో ఉంచేది) వాక్యూమ్ గొట్టం పీకి చూడండి. లోపల పెట్రోల్ తడి ఉంటే డయాఫ్రమ్ (లోపలి పలచటి పొర) చిరిగింది, పెట్రోల్ నేరుగా ఇంజిన్‌లోకి పోతోంది. కొత్త గొట్టాలు వేసిన బండిలో రిటర్న్ లైన్ (మిగిలిన పెట్రోల్ ట్యాంకుకి తిరిగిపోయే గొట్టం) ఎక్కడైనా నలిగిందేమో మొత్తం చేత్తో తడిమి చూడండి. అది మూసుకుంటే ప్రెషర్ పెరిగి అన్ని ఇంజెక్టర్లూ ఎక్కువ పోస్తాయి.

డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచేది) ఉన్న పాత ఇంజిన్లలో ఎవరూ చూడనిది వాక్యూమ్ అడ్వాన్స్, అంటే తేలిగ్గా పోతున్నప్పుడు స్పార్క్ టైమింగ్‌ని ముందుకు జరిపేది. డయాఫ్రమ్ చిరిగినా లాగుడు తగ్గదు, ఫుల్ థ్రాటిల్‌లో అది పనే చేయదు కాబట్టి. హైవే మీద తేలిగ్గా పోతున్నప్పుడు మాత్రం టైమింగ్ వెనకబడి మైలేజ్ పోతుంది. ఇంజిన్ ఆపి, క్యాప్ తీసి, గొట్టం చివర నోటితో పీల్చి నాలుకతో మూయండి. లోపలి ప్లేటు కదిలి అక్కడే ఆగాలి, మెల్లగా వెనక్కి వచ్చేస్తే చిరిగిందన్నమాట.

కార్బురేటర్‌కైతే వేడి ఇంజిన్‌లో చోక్ రేకు (ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గాలి తగ్గించేది) నిటారుగా ఉండాలి. ఐడిల్‌లో పైనుంచి తొంగిచూస్తే మెయిన్ నాజిల్ నుంచి చుక్కలు పడుతున్నాయా? ఫ్లోటు (పెట్రోల్ మట్టాన్ని బట్టి తేలే భాగం) ఎత్తు ఎక్కువైంది, లేదా పెట్రోల్‌ని ఆపే నీడిల్ వాల్వు కారుతోంది.

ఆక్సిజన్ సెన్సర్ సంగతి ఇప్పుడు. వేడెక్కాక దాని వోల్టేజ్ 0.1 కీ 0.9 కీ మధ్య చురుగ్గా ఊగాలి. ఎప్పుడూ కిందే ఉంటే సెన్సర్ మార్చేముందు దానికంటే ముందున్న సైలెన్సర్ గొట్టం జాయింట్లు చూడండి. అక్కడ లీకుంటే బయటి గాలి లోపలికి వచ్చి, మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని సెన్సర్ చెబుతుంది, కంప్యూటర్ ఇంకా పోస్తుంది. కొత్త సెన్సర్ వేసినా అదే మాట చెబుతుంది.

డీజిల్ బండికి ఇంజెక్టర్ల మీది సన్నటి రిటర్న్ గొట్టాలు పొడి గుడ్డతో తుడిచి, పది నిమిషాలు నడిపి మళ్లీ చూడండి. తడిస్తే మార్చేయండి, ఖర్చు తక్కువ. లోడు మీద నల్ల పొగ వస్తుంటే ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత టర్బో గొట్టాల లీకులు, ఆ తర్వాతే ఇంజెక్టర్ నాజిళ్లు. డీజిల్ ఇంజెక్షన్ పంపు స్క్రూకి ఫ్యాక్టరీ సీలు తెగి ఉంటే, లాగుడు కోసం ఎవరో తిప్పారని అర్థం. దాన్ని అంచనా మీద వెనక్కి తిప్పొద్దు, పంపుని టెస్ట్ బెంచ్ ఉన్న చోటికే పంపండి.