ఆరని వెలుగు, ఒక తల్లి చెప్పిన మాట

సభకు నమస్కారం. నేత్రదాన పక్షోత్సవాలు కదా, కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శకమైన పొర గురించి మాట్లాడమని పిలిచారు. మాట్లాడతాను. ముందుగా రెటీనా, అంటే కంటి వెనుక వెలుగును పట్టుకునే పొర గురించి చెప్పనివ్వండి. ఒక తల్లి అన్న మాట పన్నెండేళ్ళుగా నన్ను వదలడం లేదు.

పిల్లాడికి పదేళ్ళు. దీపాలు పెట్టే వేళకు గడప తట్టుకుని పడిపోయేవాడు. చూసినవారందరూ రేచీకటి అన్నారు, విటమిన్ ఎ రాశారు. ఆమె సంచిలో అలాంటి చీటీలు ఏడు ఉన్నాయి, మడతల దగ్గర చిరిగి, పసుపు మరకలతో. "తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే వీడికి చీకట్లో అంతా కనిపిస్తుందండీ. లైటు వేయకుండానే పెరట్లోకి వెళ్ళి గేదెకు గడ్డి వేసి వస్తాడు" అని ఆమె వెళ్ళిన ప్రతిచోటా చెప్పింది. రేచీకటి ఉన్నవాడికి తెల్లవారుజామున ఎలా కనిపిస్తుందని కసిరి పంపారు. రోగ నిర్ణయమంతా ఆ మాటలోనే ఉంది!

రెటీనాలో మసక వెలుతురులో చూపునిచ్చే దండ కణం ఒక్క ఫోటాన్‌కు, అంటే ఒక్క వెలుగు రేణువుకు కూడా స్పందిస్తుంది. ఫోటాన్ తగలగానే ఆ కణంలో వెలుగును పట్టుకునే రోడాప్సిన్ అనే ప్రోటీన్ రూపు మారి, సంకేతాన్ని ముందుకు పంపే ట్రాన్స్‌డ్యూసిన్ అణువులను ఒకదాని వెంట ఒకటి మేల్కొలుపుతుంది. దాన్ని ఆపేవారు లేకపోతే సంకేతం సాగుతూనే ఉంటుంది. అందుకే రోడాప్సిన్ కైనేజ్ అనే ఎంజైము రోడాప్సిన్ తోకకు ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. ఒక్కటి చాలదు, కనీసం మూడు కావాలి. అప్పుడు అరెస్టిన్ అనే ప్రోటీన్ వచ్చి రోడాప్సిన్‌ను గట్టిగా పట్టుకుని, ట్రాన్స్‌డ్యూసిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. ఇదంతా సెకను కూడా పట్టదు. విద్యార్థులారా, ఇది రాసుకోండి. సంకేతం ఎలా మొదలవుతుందో అందరూ చదువుతారు, ఎలా ఆగుతుందో చదివేవారు తక్కువ.

ఆ పిల్లాడి కంట్లో ఆపే పని జరగడం లేదు. పగటి వెలుగు దండ కణాల్లో సాయంత్రానికీ ఆరదు. అవి కొత్త వెలుగును పట్టుకోలేవు. రాత్రంతా కళ్ళు మూసుకుని నిద్రపోతే మెల్లగా కోలుకుంటాయి. నాలుగింటికి గేదె కనిపించడానికి కారణం అదే.

జపాన్‌లో ఒగుచి అనే వైద్యుడు 1907లోనే ఈ జబ్బును వర్ణించారు. అరెస్టిన్ జన్యువులోని లోపమే దీనికి ఒక కారణమని 1995లో తేలింది. కైనేజ్ జన్యువు చెడినా ఇదే జరుగుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితేనే జబ్బు వస్తుంది. ఆ పిల్లాడి అమ్మానాన్నలది మేనరికం.

మొదట చూసినప్పుడు అతడి రెటీనా మీద బంగారు పూత పూసినట్టుంది. రెండు కళ్ళకూ గంతలు కట్టి మూడు గంటలు కూర్చోబెట్టాం. తల్లి చేయి పట్టుకుని కథ చెబుతూ ఉంది. గంతలు విప్పి చూస్తే ఆ పూత లేదు, అందరి రెటీనాలాగే ఎర్రగా ఉంది. వెలుగులో కాసేపు కూర్చున్నాక పసిమి మళ్ళీ తేలింది. "అయితే నేను చెప్పింది నిజమేనా అండీ?" అని ఆమె అడిగింది. నిజమేనమ్మా అన్నాను. ఆమె ఏడ్చింది.

డాక్టర్లు కాబోయేవారు ఈ సభలో ఉన్నారు. మీకు చేతులెత్తి చెబుతున్నాను, రేచీకటి అంటూ ఎవరైనా వస్తే "తెల్లవారుజామున ఎలా ఉంటుంది?" అని అడగండి. విటమిన్ లోపం మన దేశంలో ఉన్నదే, కాదనను. అడిగాక రాయండి.

ఇక కార్నియా. మరణించిన ఆరు గంటల లోపు కళ్ళు సేకరించాలి. ఆలస్యం చేయకుండా కబురు చేయమని ఇంట్లోవారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. పత్రాలు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి.